లాతెమ్ గ్రామ గుమాస్తా గీసిన అడవి

ఫ్లాండర్స్ చిత్రకళ అనగానే మనలో కొద్దోగొప్పో తెలిసినవారికి స్ఫురించే పేర్లు వాన్ ఐక్, బ్రూగెల్, రూబెన్స్. నేనిక్కడ పరిచయం చేయదలచుకున్నది ఆ మహామహుల సరసన పేరు కనిపించని ఒక పల్లెటూరి ఉద్యోగిని. ఆయన పేరు అల్బైన్ వాన్ డెన్ ఆబేలె. 1835లో బెల్జియంలోని సింట్-మార్టెన్స్-లాతెమ్ అనే గ్రామంలో పుట్టి, 1918లో అదే గ్రామంలో కన్నుమూశాడు. ఊళ్ళోవాళ్ళు ఆయన్ని ముద్దుగా 'బీనస్' అనేవారు. ఏ చిత్రకళాశాలలోనూ అడుగుపెట్టలేదు. నలభయ్యేళ్ళకు చేరువవుతుండగా కుంచె పట్టాడు. అయినా ఇరవయ్యో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రకళకు పుట్టిల్లుగా పేరుపొందిన లాతెమ్ చిత్రకారుల చరిత్ర రాసేవారు ఆయన పేరుతోనే మొదలుపెడతారు.

నేను చిత్రకళ చదువుకున్నవాణ్ణి కాను. బరంపురంలో పుట్టి, బి.కాం. ప్యాసై, బ్యాంకులో చేరి ముప్పై ఏళ్ళుగా లెడ్జర్ల మధ్య గడుపుతున్నవాణ్ణి. ఒక పుస్తకంలో ఈయన బొమ్మ చూసినప్పుడు దాన్ని ఎలా మెచ్చుకోవాలో కూడా నాకు తెలియలేదు. అందులో ఏమీ జరగడం లేదు. సన్నని చెట్ల బోదెలు, ఇసుక నేల, లేత వెలుతురు, అంతే. బొమ్మ కింద చిత్రకారుడి గురించిన రెండు ముక్కల్లో 'గ్రామ కార్యదర్శి' అన్న మాట కనిపించింది. ఆ ఉద్యోగం పేరే నన్ను పట్టుకుంది. రోజంతా రిజిస్టర్లు రాసే మనిషి సాయంత్రం అడవికి వెళ్ళి ఏం చూస్తాడు? ఆ కుతూహలంతోనే నాకు దొరికినంత చదివాను. మన పత్రిక పాఠకులకు, అంటే మాతృభాష ఒకటీ రాష్ట్ర భాష మరొకటీ అయిన మనవంటివారికి, ఈయన జీవితంలో చిత్రకళకు మించిన సంగతి కూడా ఉందనిపించి ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఆ ఊరి సంగతి. గెంట్ నగరానికి నైరుతి దిక్కున ఓ పది కిలోమీటర్ల దూరంలో, లేయె నది ఒడ్డున ఉంటుంది లాతెమ్. పక్క ఊరు డ్యూర్లె. ఆ నది మెలికలు తిరుగుతూ పచ్చిక బయళ్ళ మధ్య నెమ్మదిగా సాగుతుంది. నదికి కాస్త ఎడంగా ఇసుక నేలలు, వాటి మీద సూదుల్లాంటి ఆకుల చెట్ల తోపులు. ఎగువన కోర్ట్రేక్ పట్టణం వైపు అదే నదిలో అవిసె కట్టలను నానబెట్టి నార తీసేవారు. ఆ నారతో వడికి నేసిన బట్టే ఆ ప్రాంతానికి కూడు పెట్టేది. మన పల్లెల్లో జనుము నానబెట్టే చెరువుల వాసన ఎరిగినవారికి ఆ నది ఎలా ఉండేదో వేరే చెప్పనక్కరలేదు.

అల్బైన్ పదేళ్ళ పిల్లవాడుగా ఉండగా, 1845లో, బంగాళాదుంప పంటకు తెగులు సోకింది. ఐర్లండులో కరువు తెచ్చిన తెగులే అది. ఫ్లాండర్స్‌లో దానికి మరో దెబ్బ తోడైంది. యంత్రాల మీద వడికిన నూలు చవకగా రావడంతో ఇళ్ళల్లో రాట్నాల మీద అవిసె వడికి బతికే కుటుంబాలు పనిలేక కూలిపోయాయి. తరువాతి రెండు మూడేళ్ళలో ఆకలికీ, దాని వెంటే వచ్చిన టైఫస్ జ్వరాలకూ వేలాది మంది పోయారు. బిచ్చగాళ్ళు గుంపులుగా తిరిగిన రోజులవి. చేతి మగ్గం మీద బతికే ఊళ్ళకు మిల్లు బట్ట ఏం చేసిందో మనకూ తెలిసిందే. అల్బైన్ చిత్రాల్లోని ప్రశాంతతను గురించి మాట్లాడేటప్పుడు ఈ బాల్యాన్ని మరచిపోకూడదు. కష్టం అంటే తెలియని మనిషి గీసిన ప్రశాంతత కాదది.

ఇక భాష సంగతి. బెల్జియం 1830లో స్వతంత్ర దేశమైంది. జనసంఖ్యలో ఫ్లెమిష్ మాట్లాడేవారే ఎక్కువ. ఫ్లెమిష్ అంటే వేరే భాషేమీ కాదు, డచ్చి భాషకు అక్కడి పలుకుబడి. కాని ప్రభుత్వం, న్యాయస్థానాలు, సైన్యంలో అధికారులు, పెద్ద చదువులు, పెద్దమనుషుల ఇళ్ళలో సంభాషణలు అన్నీ ఫ్రెంచిలో సాగేవి. ఫ్లాండర్స్‌లో పుట్టిన సంపన్నులు సైతం పిల్లలతో ఫ్రెంచిలోనే మాట్లాడేవారు. గెంట్‌లో పుట్టిన మేటర్‌లింక్ ఫ్రెంచిలో రాసి 1911లో నోబెల్ బహుమతి అందుకున్నాడు. సంఖ్యలో అధికులై కూడా భాషలో అల్పసంఖ్యాకులుగా బతకడం ఎలా ఉంటుందో ఫ్లెమిష్ వారిని అడగాలి.

1860లో కూకె, గూతాల్స్ అనే ఇద్దరు ఫ్లెమిష్ కూలీలను హత్యానేరం మీద ఫ్రెంచి మాట్లాడే ప్రాంతంలో, ఫ్రెంచి భాషలో విచారించి, షార్లెరువాలో మరణశిక్ష అమలు చేశారు. నేరం సంగతి ఎలా ఉన్నా, తమకు రాని భాషలో తమ ప్రాణం మీద తీర్పు జరిగిందన్న మాట ఫ్లాండర్స్ పల్లెల్లో తరాల తరబడి నిలిచింది. తరువాత ఒక్కొక్క చట్టమే వచ్చింది. 1873లో క్రిమినల్ కోర్టులకు, 1878లో పరిపాలనకు, 1883లో ప్రభుత్వ ఉన్నత పాఠశాలలకు సంబంధించి డచ్చి భాషకు కొంత చోటు దక్కింది. 1898లో చట్టాల విషయంలో రెండు భాషలూ సమానమన్నారు. గెంట్ విశ్వవిద్యాలయంలో పూర్తిగా డచ్చి బోధన రావడానికి 1930 దాకా ఆగవలసి వచ్చింది. ఏడు దశాబ్దాల కాలం!

అల్బైన్ యవ్వనం, నడివయస్సు సరిగ్గా ఈ కాలంలో గడిచాయి. ఆయన ముందు కుంచె పట్టలేదు, కలం పట్టాడు. ఆ రోజుల్లో 'తన జనానికి చదవడం నేర్పినవాడు' అని ఫ్లెమిష్ వారు చెప్పుకునే నవలాకారుడు హెండ్రిక్ కొన్సియాన్స్ (1812–1883) ప్రభావం ఊరూరా ఉండేది. ఆ వరవడిలోనే అల్బైన్ కూడా తన భాషలో పల్లె కథలు, నవలికలు రాశాడు. వాటితోపాటు తన ఊరు లాతెమ్ చరిత్రనూ, పక్క ఊరు డ్యూర్లె చరిత్రనూ రాసిపెట్టాడు. నలుగురూ ఎగబడి చదివే గ్రంథాలు కావవి. ఏ చర్చి ఎప్పుడు కట్టారు, ఏ భూమి ఎవరి కింద ఉండేది వంటి సంగతులు. అయితే ఆ పని చేసినవాడు ఆ ఊరివాడు. చేసింది ఆ ఊరి భాషలో.

1869లో ఆయన ఊరికి మేయరయ్యాడు. 1876 దాకా ఆ పదవిలో ఉండి, ఆ తరువాత అదే కార్యాలయంలో గ్రామ కార్యదర్శిగా కుదురుకున్నాడు. మన లెక్కలో చెప్పాలంటే సర్పంచిగా ఉన్న మనిషి ఆ కుర్చీ దిగి కరణం పీట మీద కూర్చోవడమన్నమాట. ఇప్పటి లోకం దాన్ని మెట్టు దిగడమనే అంటుంది. ఆయన మాత్రం దశాబ్దాల పాటు ఆ పనిలోనే ఉండిపోయాడు. గ్రామసభ తీర్మానాలు రాయడం, జనన మరణ వివాహాల రిజిస్టర్లు నడపడం, ఊళ్ళోకి ఎవరు వచ్చారు, ఊరు విడిచి ఎవరు వెళ్ళారు అన్నది జనాభా పుస్తకంలో ఎక్కించడం ఆ ఉద్యోగపు పనులు. ఎవరి ఇంట బిడ్డ పుట్టినా, ఎవరి ఇంట పెద్దప్రాణం పోయినా ఆ వార్త చేరేది ఆయన బల్ల దగ్గరికే.

సరిగ్గా ఈ మార్పు జరిగే రోజుల్లోనే, 1874–75 ప్రాంతంలో, ఆయన బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు. పూర్తిగా ఏకలవ్య శిష్యరికమే. అయితే ఏకలవ్యుడికి మట్టి ద్రోణుడు ఉన్నట్టు ఈయనకు కంటి ఎదుట ఒక మిత్రుడున్నాడు. గ్జావియే డె కాక్ (1818–1896) అనే చిత్రకారుడు ఫ్రాన్సులో కొంతకాలం ఉండి, అక్కడ బార్బిజోన్ చిత్రకారులు గది విడిచి పొలాల్లో నిలబడి బొమ్మలు వేయడం చూసి, తిరిగి వచ్చి డ్యూర్లెలో స్థిరపడ్డాడు. ఆయనా, తమ్ముడు సెజార్ కూడా అల్బైన్‌కు స్నేహితులు. పచ్చికలో మేసే ఆవుల్ని, నీటి ఒడ్డున చెట్లని ఎదుట నిలబడి చిత్రించడం అల్బైన్ చూశాడు. ఆ చూడడమే ఆయన చదివిన బడి.

ఆయన చిత్రాల్ని నేను అచ్చులోనే చూశాను కనుక రంగుల సంగతి గట్టిగా చెప్పబోను. ఏముందో మాత్రం చెబుతాను. తోపు అంచున నిటారుగా నిలిచిన చెట్లు, వాటి మధ్య ఎడం, కింద ఇసుక మీద రాలిన ఆకు, దూరాన పలచని ఆకాశం. మనుషులు కనబడడం అరుదు. చలికాలం వెళ్ళీ వెళ్ళని రోజులు, చిగురు వచ్చీ రాని కొమ్మలు అంటే ఆయనకు ప్రీతి. అదే లేయె ఒడ్డున, కాస్త ఎగువన ఆస్టెనెలో ఎమిల్ క్లాస్ (1849–1924) అనే ప్రసిద్ధుడు ఉండేవాడు. ఆయన ఆంట్‌వెర్ప్ అకాడమీలో చదివినవాడు. ఆయన బొమ్మల్లో ఎండ కళ్ళు మిరుమిట్లు గొలుపుతుంది, నీళ్ళు తళతళలాడతాయి. అల్బైన్ బొమ్మల్లో అటువంటి పండుగ లేదు. ఒక్కొక్క చెట్టునూ దాని వంపుతో సహా, ఒక్కొక్క రెమ్మనూ దాని చోటులో పెట్టి, తొందర లేకుండా రాసుకుంటూ పోయినట్టుంటుంది.

'రాసుకుంటూ పోయినట్టు' అని కావాలనే అన్నాను. ఖాతా పుస్తకాలు రాసినవారికి ఒక అలవాటు ఉంటుంది. పెద్ద పద్దు, చిన్న పద్దు అన్న భేదం ఉండదు. లక్ష రూపాయల పద్దుకు ఎంత శ్రద్ధ పెడతామో పది రూపాయల పద్దుకూ అంతే పెట్టాలి, లేకపోతే సాయంత్రానికి లెక్క కుదరదు. అల్బైన్ అడవిలో నాకు కనిపించింది ఆ శ్రద్ధే. ఏ చెట్టునూ ఆయన 'వగైరా' కింద వేయలేదు. చిత్రకళ తెలిసినవారు దీన్ని అమాయకమైన శైలి అంటారు, చదువు లేనివాడి చేతి బిగువు అని కూడా అంటారు. అది నిజమే కావచ్చు. కాని బడిలో నేర్చుకున్న చేయి అయితే నాలుగు విసురులతో తోపును తేల్చేసేది. ఆ విసురు రాకపోవడం వల్లనే ఆయనకు ప్రతి చెట్టు దగ్గరా ఆగవలసి వచ్చింది. ఆ ఆగడంలోంచే ఆ నిశ్శబ్దం పుట్టింది.

1890ల చివరి నుంచి లాతెమ్‌కు కొత్త ముఖాలు రావడం మొదలైంది. వలేరియస్ డె సాడెలేర్ (1867–1941) అనే చిత్రకారుడు, జార్జ్ మిన్నె అనే శిల్పి, 1900లో అన్నదమ్ములు కారెల్, గుస్తావ్ వాన్ డె వూస్టైన్ వచ్చారు. వీరిలో కారెల్ కవి, గుస్తావ్ చిత్రకారుడు. నగరంలో గడవనివారికి పల్లెలో ఇల్లు చవక, తిండి చవక. పైగా పొగగొట్టాల గెంట్ నుంచి తప్పించుకుని ప్రశాంతంగా పని చేసుకోవాలన్న తపన. వచ్చినవాళ్ళు పేరు నమోదు చేయించుకోవలసింది అల్బైన్ కచేరీలోనే. వాళ్ళు ఇరవై ముప్పై ఏళ్ళ ప్రాయంవాళ్ళు, ఆయన అరవై దాటినవాడు. ఊరి ఆనుపానులన్నీ తెలిసిన ఆ పెద్దాయన వాళ్ళకు అండగా నిలిచాడు. అప్పటికి పాతికేళ్ళుగా ఈ నేలనే, ఈ చెట్లనే ఎవరి మెప్పూ కోరకుండా చిత్రిస్తున్న మనిషి తమ మధ్య ఉన్నాడని వాళ్ళు క్రమంగా గుర్తించారు.

1902లో బ్రూజ్ పట్టణంలో పదిహేనో శతాబ్దపు ఫ్లెమిష్ చిత్రాలెన్నిటినో ఒకచోట చేర్చి పెద్ద ప్రదర్శన జరిపారు. వాన్ ఐక్, మెమ్లింగ్ వంటివారి చిత్రాలవి. లాతెమ్ యువకుల్ని ఆ ప్రదర్శన కుదిపేసింది. పారిస్ వైపు చూడనక్కరలేదు, తమ ఇంటి పెద్దల్లోనే తమకు కావలసిన దారి ఉందనిపించింది. అంతకుముందు వెలుగునీడల ధోరణిలో వేస్తూ వచ్చిన డె సాడెలేర్ ఆ తరువాత నిశ్చలమైన విశాల భూములు, బ్రూగెల్‌ను తలపించే మంచు దృశ్యాలు వేశాడు. గుస్తావ్ ఊరి రైతుల ముఖాల్ని పాత దేవుళ్ళ పటాల్లోని సాధువులంత గంభీరంగా చిత్రించాడు. ఆ పాత చిత్రాల్లో వాళ్ళు మెచ్చుకున్న ఓపిక, గడ్డిపరకకు కూడా ఇచ్చే మర్యాద, అల్బైన్ బొమ్మల్లో ఎప్పటినుంచో ఉన్నాయి. అందుకే విమర్శకులు ఆయన్ని లాతెమ్ చిత్రకారులకు పెద్దదిక్కు అంటారు. గురువుగా పీఠమెక్కి కూర్చున్నవాడు కాదు. వాళ్ళు వెతుకుతున్నది ఆయన అప్పటికే చేస్తున్నాడు, అంతే.

1905 తరువాత మరో జట్టు వచ్చింది. పెర్మెకె, గుస్తావ్ డె స్మెట్, ఫ్రిట్స్ వాన్ డెన్ బెర్హె అందులో ముఖ్యులు. తరువాతి కాలంలో బరువైన రంగులతో, మొరటు ఆకారాలతో ఫ్లెమిష్ చిత్రకళను మరో దారి పట్టించినవారు వీరే. ఇంతలో 1914లో యుద్ధం వచ్చి జర్మన్ సైన్యాలు బెల్జియాన్ని ఆక్రమించాయి. చిత్రకారులు చెల్లాచెదరయ్యారు. డె సాడెలేర్, మిన్నె, గుస్తావ్ వాన్ డె వూస్టైన్ కుటుంబాలు వేల్స్‌లో తలదాచుకున్నాయి. అక్కడి డేవీస్ అక్కచెల్లెళ్ళు వీరికి ఆదరువు కల్పించారు. డె స్మెట్, వాన్ డెన్ బెర్హె హాలండుకు వెళ్ళారు. పెర్మెకె యుద్ధంలో గాయపడి ఇంగ్లండు చేరాడు. ఎనభయ్యో పడికి దగ్గరైన అల్బైన్ మాత్రం పుట్టిన ఊళ్ళోనే ఉండిపోయాడు. యుద్ధం ముగిసిన 1918లోనే ఆయన కథా ముగిసింది.

చిత్రమేమిటంటే, ఇల్లు చవకని కళాకారులు వచ్చి చేరిన ఆ లాతెమ్, ఇవాళ బెల్జియంలో సగటు ఆదాయం అత్యధికంగా ఉన్న ఊళ్ళలో ఒకటి. 1977లో డ్యూర్లెను కూడా అందులో కలిపేశారు. చిత్రకారులు తెచ్చిన పేరు చూసి డబ్బున్నవాళ్ళు వచ్చారు, విల్లాలు లేచాయి, భూమి ధర పేదలకు అందకుండా పోయింది. అప్పులిచ్చే ఉద్యోగంలో ఉన్నవాణ్ణి కనుక ఈ వరస నాకు కొత్త కాదు. ఒక చోటు అందాన్ని గుర్తించినవాడు ఒకడు, దాని విలువ కట్టేవాడు మరొకడు. అల్బైన్ గీసిన ఇసుక బాటలు, తోపులు చాలావరకు ఇప్పుడు ఇళ్ళ ప్రహరీల వెనక ఉన్నాయి. అవి ఎలా ఉండేవో తెలుసుకోవాలంటే ఆయన బొమ్మలూ, ఆయన రాసిన ఊరి చరిత్రలే మిగిలిన సాక్ష్యం.

ఇక్కడ మన కరణాలు గుర్తుకు రాక మానరు. మెకంజీ దొర (1754–1821) కావలి సోదరుల వంటి తెలుగు సహాయకుల ద్వారా ఊరూరా సేకరించిన కైఫీయతులకు ఆధారం ఏమిటి? చాలా చోట్ల కరణాల ఇళ్ళల్లో తరతరాలుగా రాసిన కవిలె కట్టలే. ఆ కరణాల్లో మంచివాళ్ళూ ఉన్నారు, రైతును పీడించినవాళ్ళూ ఉన్నారు. అయినా ఊరి జ్ఞాపకం వాళ్ళ చేతిరాతలో నిలిచింది. 1936 దాకా మా గంజాం మద్రాసు రాష్ట్రంలో భాగం. తనఖా కోసం మా బ్రాంచికి వచ్చే పాత కాగితాల్లో అప్పుడప్పుడు తెలుగు దస్తావేజు ఒకటి బయటపడుతుంది. కుర్రవాళ్ళెవరూ చదవలేక నా బల్ల మీదికి తెస్తారు. చెరువు పేరు, గట్టు మీది చింతచెట్టు, తూర్పు సరిహద్దు ఎవరి పొలం, అన్నీ అందులో ఉంటాయి. ఆ చెరువు ఇప్పుడు లేదు. ఆ పేరు పలికే నోళ్ళు కూడా తగ్గిపోయాయి. నేను రిటైరయ్యాక ఆ కాగితం ఎవరి బల్ల మీదికి వెళుతుందో ఆలోచిస్తే దిగులు వేస్తుంది.

ఫ్లెమిష్ వారి కథకూ మన కథకూ తేడా ఉంది. వారు తమ నేల మీద అధికసంఖ్యాకులు. చివరికి చట్టాలు వారి పక్షాన వచ్చాయి. హోసూరులోనో, బళ్ళారిలోనో, పర్లాకిమిడిలోనో ఉన్న మనకు ఆ బలం లేదు. అయితే అల్బైన్ చేసిన పనికి చట్టాల బలం అవసరం లేకపోయింది. ఆయన భాష కోసం ఊరేగింపు తీసినట్టు నేనెక్కడా చదవలేదు. ఫ్రెంచి రానిదే పెద్దమనిషి కాని కాలంలో తన ఊరి చరిత్రను, కథలను తన మాటల్లో రాశాడు. ఎవరూ బొమ్మ గీయదగిందిగా భావించని తోపును చెట్టు తరువాత చెట్టుగా ఎక్కించి పెట్టాడు. ఈ రెండు పనులూ ఉద్యోగం చేసుకుంటూనే చేశాడు, రెండోదాన్ని నలభయ్యేళ్ళు దగ్గరపడ్డాక మొదలుపెట్టాడు.

మనలో ఉపాధ్యాయులున్నారు, రైల్వే ఉద్యోగులున్నారు, దుకాణాలు నడిపేవారున్నారు. మన వీధి ఏ కాలంలో వెలిసింది, ఏ కులవృత్తులవారు ఎక్కడి నుంచి వచ్చి ఇక్కడ దిగారు, ఊరి చెరువును, గుడిని, బావిని మన పెద్దలు ఏ పేర్లతో పిలిచేవారు అన్నది నోటి మాటగా ఇంకా మిగిలే ఉంది. ఈ పత్రికకు సాహిత్యమే రాయాలని లేదు. ఎవరి ఊరి పద్దు వారు తెలుగులో ఎక్కించినా చాలు. నా వంతుగా మా వీధి పెద్దలు చెప్పిన పేర్లను ఒక పాత డైరీలో రాయడం మొదలుపెట్టాను. ఇప్పటికి పదకొండు పుటలయ్యాయి.